చాప పరిచినంత మేర

మా తాత రంగం వెళ్లిన కథ ఎప్పుడు చెప్పినా చాప దగ్గరే మొదలెట్టేవాడు. బారువ రేవులో మసులా పడవెక్కి, కెరటాలు దాటి, లోతు నీళ్లలో లంగరేసిన స్టీమరు చేరి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైకెక్కాక అందరూ చేసే మొదటి పని డెక్కు మీద చాప పరచడం. "సాప పరిసినంత మేరా మనదేరా. ఆ మీదట దొరొచ్చినా లెగమనడానికి నేదు" అనేవాడు. ఆ చాప మీద తాత, తాత తమ్ముడు, మేనత్త కొడుకు, అతని భార్య, ఆమె చంకలో పిల్ల. రంగం రేవు కనబడేదాకా వాళ్లంతా ఆ చాప మీదే తిన్నారు, ఆ చాప మీదే పడుకున్నారు.

రంగూన్‌ని మా వైపు రంగం అనే అనేవారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా పుట్టలేదు, అది 1950 మాట. విజయనగరం జిల్లా ఇంకా తర్వాత, 1979లో వచ్చింది. బారువ, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ 1936 దాకా గంజాం జిల్లాలోవి. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్ రేవుల్లో జనాన్ని ఎక్కించుకుని బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు బంగాళాఖాతం దాటేవి. కోతలైపోయాక బయల్దేరితే వీధులకి వీధులే ఖాళీ అయ్యేవట. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా మన దేశం వాళ్లే. మా కళింగపట్నం వాడు వెళ్లినా, భీమిలి వాడు వెళ్లినా అక్కడివాళ్లు పిలిచే పేరు ఒకటే, కోరంగీ. కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి పేరు అది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చవక టిక్కెట్టు మా ప్రాంతానికి కొత్త కాదు. మావాళ్లు దూరదేశం ఎప్పుడు వెళ్లినా అందులో అన్నిటికంటే తక్కువ టిక్కెట్టు కొనుక్కునే వెళ్లారు. అప్పుడది డెక్కు, ఇప్పుడది చైనా విమానం. చవక మీద నాకు కోపం లేదు. ఆ చవకలోంచి ఏం తీసేశారన్నదే నా బాధ.

మా రోజులు బంగారం అని నేను అబద్ధం చెప్పను. డెక్కు మీద ఎండా వానా రెండూ నెత్తిమీదే. రంగంలో కూలికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర బయల్దేరకముందే అప్పు. ఆ అప్పు తీరేదాకా వాడు చెప్పిందే పని, వాడిచ్చిందే కూలి. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కడితే, వాళ్ల పనిలో బర్మావాళ్లని పెట్టారు. సమ్మె తీరాక బర్మావాళ్లని పొమ్మన్నారు. ఆ రెండు కడుపుమంటల మధ్య అల్లర్లు లేచి వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది మనవాళ్లే. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు రంగూన్ మీద పడ్డాక ఓడల్లో చోటు దొరకనివాళ్లు అడవులు పట్టుకుని నడిచొచ్చారు. అలా నడిచొచ్చినవాళ్లలో మా తాత తమ్ముడు లేడు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఉంది. ఆ పేరు విన్నప్పుడల్లా తాత చాప మీది రెండో మనిషి గుర్తొస్తాడు.

కాబట్టి కష్టం తక్కువని కాదు. కష్టంలో పక్కన మనవాడు ఉండేవాడు, అంతే.

నా సంగతికొస్తే, 1976లో విశాఖపట్నం రేవులో అండమాన్ ఓడెక్కాను. పోర్ట్‌బ్లెయిర్‌లో మా మేనమామ తాపీ పని చేసేవాడు. ఆ ఊళ్లో సగం తాపీ పనివాళ్లు మన శ్రీకాకుళం వాళ్లేనా అనిపించింది నాకు. బంక్ క్లాసు టిక్కెట్టు, ఓడ కడుపులో పైనా కిందా వరసగా బల్లలు. సముద్రం మొదటి రాత్రే నా పేగులు తోడేసింది. పక్క బల్ల మీద టెక్కలి వైపు ముసలమ్మ ఒకావిడ, నేనెవరో తెలియదు, ఉప్పు రాసిన నిమ్మబద్ద నా నోట్లో పెట్టి, "కళ్లు మూసీకు బావూ, కళ్లు మూస్తే ఇంకా తిరుగుతాది. అదిగో, ఆ మేకు సూడు" అని గోడకున్న మేకు చూపించింది. దాదాపు మూడు రోజుల ప్రయాణం ఆ మేకు చూస్తూ గడిపాను. దిగేసరికి ఆ వరసలో ఎవరి కూతురు ఎక్కడ కాపురం చేస్తోందో, ఎవరికి ఎంత అప్పుందో నాకు తెలుసు. నా సంగతులు వాళ్లకి తెలుసు. అప్పుడు దాన్ని ప్రయాణం అన్నాం.

ఇక ఇప్పటి మాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఉద్దానం వాళ్లకి ఆ తేదీ చెప్తే చాలు, మిగతాది చెప్పక్కర్లేదు. మా నాన్న పాతిన కొబ్బరి తోట ఒక్క పూటలో నేలకొరిగింది. జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు. పింఛను తప్ప చేతిలో ఇంకేం ఆడని ఆ ఏడాదిలోనే, ఆస్ట్రేలియా సిడ్నీలో ఉన్న మా అమ్మాయికి నెలలు నిండాయి. పురిటికి అమ్మ పక్కన ఉండాలి కదా. పుట్టింటికి రాలేని పిల్ల దగ్గరికి పుట్టిల్లే వెళ్లాలి.

"నాన్నా, సింగపూర్ మీంచి అయితే ఖరీదు. చైనా మీంచి అయితే ఇద్దరికీ కలిపి 38 వేలు తగ్గుతోంది. పైగా తలో రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు తెచ్చుకోవచ్చు" అంది. టిక్కెట్టు మేం కొనుక్కుంటాం అని నేను పట్టుబట్టాను గనక, ఆ 38 వేలు ఆ ఏడు నాకు పెద్ద మాటే. సరే అన్నాను. కాబట్టి ఇది ఎవరో నా నెత్తిన రుద్దింది కాదు.

చైనా విమానాలు ఎందుకంత చవకో తర్వాత మా అల్లుడు చెప్పాడు, నేనూ అడిగి తెలుసుకున్నాను. అక్కడ పెద్ద కంపెనీలు మూడు, ఎయిర్ చైనా, చైనా ఈస్టర్న్, చైనా సదరన్. మూడూ ప్రభుత్వానివే. ఒకదానికి బీజింగ్, ఒకదానికి షాంఘై, ఒకదానికి గ్వాంగ్‌జౌ పెద్ద అడ్డా. ఇవికాక కున్‌మింగ్ లాంటి ఊళ్ల నుంచి దూరదేశాలకి విమానం నడిపితే ఆ ఊరి ప్రభుత్వమే కొంత సొమ్ము ఇచ్చి నిలబెట్టిన సందర్భాలున్నాయి. తమ ఊరికి పరదేశీ విమానం వస్తుందంటే వాళ్లకి అదో పరువు, వ్యాపారానికి దారి. విమానమైతే నడుస్తోంది, మరి సీట్లు నిండాలి కదా. అందుకని చైనాతో ఏ పనీ లేనివాళ్లని కూడా ఇటు దేశంలో ఎక్కించుకుని, తమ ఊళ్లో దింపి, అటు దేశానికి పంపే పద్ధతి పెట్టారు. చైనా సదరన్ 2012లో లండన్ నుంచి గ్వాంగ్‌జౌ మీదుగా ఆస్ట్రేలియా వెళ్లే దారికి కాంటన్ రూట్ అని పేరు పెట్టి మరీ పిలిచింది. ఖాళీగా పోయే సీటు కంటే తక్కువకి అమ్మిన సీటు నయం, పల్లెల్లో ఆఖరి బస్సు వాడికి తెలిసిన లెక్కే ఇది. మనం ఇచ్చే మిగతా ధర గంటల్లో. మధ్యలో పది గంటలు, పద్నాలుగు గంటలు, ఒక్కోసారి రాత్రంతా ఆ విమానాశ్రయంలో కాచుక్కూర్చోవాలి.

మా వైపు ఈ విమానాలు ముందు తెలిసింది డాక్టరీ పిల్లల వల్ల. చైనాలో ఎంబీబీఎస్‌కి మన జిల్లాల పిల్లలు ఎంతమంది వెళ్లారో. మా వీధి చివర రైతు కొడుకూ వెళ్లాడు. వాళ్ల నోట కున్‌మింగ్, గ్వాంగ్‌జౌ అన్న పేర్లు, మా చిన్నప్పుడు రంగం, మౌల్మేన్ అన్నంత తేలిగ్గా వచ్చేవి. ఆ పిల్లలు గుంపుగా వెళ్లేవారు, పైతరగతి వాళ్లు కింది తరగతి వాళ్లని వెంటపెట్టుకుని. వాళ్లకి చాప ఉందన్నమాట. మాలాంటి ముసలివాళ్లకే లేదు.

పలాసలో హౌరా మెయిల్ ఎక్కాం. స్టేషనుకి పదిహేనుమంది వచ్చారు. అదే ఆఖరి సాగనంపు. తర్వాత మేమిద్దరమే. కలకత్తాలో కౌంటరు దగ్గర పెట్టెలు తూచి చీటీలిస్తే, చూసుకున్నాను. నాది నలభై ఒకటో వరస, మా ఆవిడది ముప్పైమూడు. "మేం భార్యాభర్తలం" అన్నాను. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ముందుగా సీట్లు ఎంచుకుని దానికి డబ్బు కట్టలేదని, ఇప్పుడు విమానం నిండిపోయిందని. టిక్కెట్టు తీసిన చోట ఆ మాట ఎక్కడో కింద ఉండే ఉంటుంది. మా అమ్మాయి కంట పడలేదు. పడినా కూర్చోవడానికి మళ్లీ డబ్బేంటని అనుకునేది. ఆ కంపెనీ పేరు నేనిక్కడ రాయను. ఒక్క కంపెనీ చేసిన పని కాదిది, లోకమంతా నేర్చుకున్న పని.

నలభై ఆరేళ్ల కాపురంలో ఆవిడ నాకు ఎనిమిది వరసల అవతల కూర్చోవడం అదే మొదలు. మా పెళ్లినాటి ఎడ్లబండిలో చోటు చాలక పెట్టె మీద కూర్చుంది, అయినా పక్కనే కూర్చుంది. హౌరా మెయిల్లో రిజర్వేషన్ లేని రోజుల్లో, తలుపు దగ్గర తువ్వాలు పరిచి ఇద్దరం కూర్చున్నాం. మా రోజుల్లో చోటు దొరికేది కాదు, తోడు మాత్రం ఎవడూ విడదీసేవాడు కాదు. ఆ తోడుకి ఇప్పుడు ధర కట్టి, అమ్మకానికి పెట్టి, కొననివాణ్ణి ఎనిమిది వరసల వెనక్కి పంపుతున్నారు. దీన్ని నేను ఒప్పుకోలేను. ముద్ద తగ్గించండి, దుప్పటి తగ్గించండి, టీవీ తీసెయ్యండి. మొగుడూ పెళ్లాన్ని, తల్లీ బిడ్డని పక్కపక్కన కూర్చోబెట్టడానికి విమానానికి ఒక్క చుక్క నూనె ఎక్కువ కాలదు.

ఆవిడకి ఇంగ్లీషు రాదు, బెల్టు పెట్టుకోవడం తెలియదు. నేను వెనకనుంచి మెడ సాచి చూస్తున్నాను. విమానం లేచేముందు సీట్ల మీదుగా ఒక చెయ్యి పైకి లేచింది. రెండు ఎర్ర గాజులు, మధ్యలో పసుపు గాజు. బానే ఉన్నానని నాకు చెప్తోంది. ఆ మూడు గంటలూ అలా అరగంటకోసారి ఆ చెయ్యి లేచింది. నేను కూడా లేపాను గానీ ఆవిడ వెనక్కి తిరిగి చూసిందో లేదో.

చైనాలో దిగాక పద్నాలుగు గంటలు. ఒక దేశం నుంచి వచ్చి ఇంకో దేశానికి పోయేవాళ్లకి 24 గంటల లోపు అయితే వీసా అక్కర్లేదు. వేలిముద్రలు తీసుకుని, పాస్‌పోర్టు చూసి, వదిలారు. పెద్ద విమానాశ్రయం, మరకలేని నేల, చూడముచ్చటైన కట్టడం. పని చేసేవాళ్లు ఎవరూ కసురుకోలేదు. అది చెప్పాలి. కొన్ని కంపెనీలు ఎక్కువసేపు ఆగాల్సిన ప్రయాణికులకి ఉచితంగా హోటలు గది ఇస్తాయని కూడా తర్వాత తెలిసింది. ముందుగా అడగాలట. అడగాలని చెప్పేవాడు ఎవడూ లేడు. ఇదే నా రెండో సణుగుడు. మా రోజుల్లో తెలియనివాడికి దారి పొడుగునా మనిషి ఉండేవాడు. స్టేషన్ మాస్టరు, టీసీ, కూలీ, రేవులో గుమస్తా, ఆఖరికి మేస్త్రీ. మేస్త్రీ దోచుకునేవాడే, అయినా రంగం రేవులో దిగాక ఎటు నడవాలో వాడే చూపించేవాడు. ఇప్పుడు దారి చెప్పేది బోర్డు. బోర్డు నాలుగు భాషల్లో ఉన్నా ఎదురు ప్రశ్న వెయ్యడానికి వీల్లేదు.

క్షేమంగా దిగామని అమ్మాయికి చెప్దామంటే ఫోను పని చెయ్యలేదు. వైఫైకి మిషను దగ్గర పాస్‌పోర్టు పెట్టి సంకేతం తీసుకోవాలి. ఒక కుర్రాడు సాయం పట్టి అదీ చేశాడు. వైఫై వచ్చింది, వాట్సాప్ రాలేదు. ఆ దేశంలో వాట్సాప్, గూగుల్ రెండూ మూసేశారని మాకెలా తెలుస్తుంది? అక్కడ నెలలు నిండిన పిల్ల పద్నాలుగు గంటలు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది. మేనమామ ఇంటికి చేరానని నేను పోర్ట్‌బ్లెయిర్ నుంచి రాసిన కార్డు మా అమ్మకి అందడానికి రెండు వారాలు పట్టింది. అయినా అమ్మ బెంగపడలేదు. రెండు వారాలు పడుతుందని ఆవిడకి ముందే తెలుసు. ఎంతసేపు కాచుకోవాలో తెలిసిన కాపుకి బెంగ ఉండదు. ప్రతి నిమిషం కబురు వస్తుందని నమ్మించి మధ్యలో కోసేస్తే గుండె ఆగిపోతుంది.

తిండి దగ్గర ఇంకో ముచ్చట. మా ఆవిడ నీచు తినదు. శాకాహారం కావాలని టిక్కెట్టుతోనే రాయించాం. మొదటి విమానంలో పప్పు, కూర, అన్నం ఇచ్చారు, బావుంది. రెండో విమానానికి ఆ మాట చేరలేదు. కోడి అన్నమా, పంది మాంసం నూడుల్సా అని అడిగారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, సంచిలోంచి పోకుండలు తీసుకుంది. బెల్లం పాకంలో బియ్యప్పిండి, కొబ్బరి, నువ్వులు. మా అమ్మాయి పురిటికని చేసినవి. తిత్లీలో పడ్డ చెట్ల కొబ్బరితో ఆ సంక్రాంతికే వండేశాం, ఇవి కొన్న కొబ్బరితో చేసినవి. సగం దారిలోనే తగ్గిపోయాయి.

అంతకుముందు ఆ విమానాశ్రయంలో జరిగిందొకటి ఉంది. మా ఆవిడకి దాహం. స్టీలు గ్లాసు పట్టుకుని నీళ్ల మిషను దగ్గరికెళ్తే వేడినీళ్లు వచ్చాయి. ఆవిడ చెయ్యి తీసేసింది. పక్క బెంచీ మీద మా వయసే ఉన్న చైనా ముసలమ్మ, ఊలు టోపీ, పక్కన గుడ్డ మూట, లేచొచ్చి, గ్లాసు తీసుకుని, తన ఫ్లాస్కులో చల్లారిన నీళ్లు కలిపి, వేలు పెట్టి చూసి ఇచ్చింది. తర్వాత ఫోనులో ఒక ఫొటో చూపించింది. కడుపుతో ఉన్న అమ్మాయి, వెనక సిడ్నీ వంతెన. మా ఆవిడ మా అమ్మాయి ఫొటో చూపించింది. ఇద్దరూ వేళ్లు లెక్కపెట్టుకున్నారు, ఎన్ని రోజులుందని. మాట ఒక్కటి లేదు. ఆవిడ ఒడిలోంచి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఇచ్చింది, ఈవిడ రెండు పోకుండలు పెట్టింది. అలా ఆ బెంచీ మీద రెండు గంటలు గడిచాయి. అప్పుడు నాకు టెక్కలి ముసలమ్మ నిమ్మబద్ద గుర్తొచ్చింది. చాప పరిచే మనుషులు ఎక్కడికీ పోలేదు. వాళ్లకి చాప పరచడానికి చోటు ఉంచలేదు. ఆ తొమ్మిది గంటల పైచిలుకు రెండో విమానంలో ఆ చైనా ముసలమ్మని ఎక్కడో ముందు కూర్చోబెట్టారు, మమ్మల్ని మళ్లీ విడివిడిగా కూర్చోబెట్టారు. ఈసారి పన్నెండు వరసలు. గాజుల చెయ్యి కనబడలేదు. దీపాలార్పేశాక రెండుసార్లు లేచి వెళ్లి చూశాను. మెలకువగానే ఉంది. "ఏటండీ, సీట్లో కూకోండి, పడిపోతారు" అంది.

మనవడు నాలుగు రోజులకి పుట్టాడు. అన్నీ సుఖంగా జరిగాయి. తిరుగు ప్రయాణంలో అల్లుడు డబ్బు కట్టి పక్కపక్క సీట్లు తీశాడు, హోటలు గదీ అడిగాడు. అదే విమానం, అవే గంటలు, హాయిగా వచ్చాం. కాబట్టి విమానం చెడ్డదని నేను అనడం లేదు.

మేం తిరిగొచ్చిన కొన్ని నెలలకే 2020 వచ్చింది, కరోనాతో. వూహాన్ నుంచి మనవాళ్లని ఎయిర్ ఇండియా రెండు విమానాల్లో తీసుకొచ్చింది, 647 మందిని. చైనాకీ మనకీ మధ్య నేరుగా తిరిగే విమానాలు ఆగిపోయాయి. మా వీధి చివర డాక్టరీ పిల్లవాడు రెండేళ్లకి పైగా ఇంట్లో కూర్చుని ఫోనులో పాఠాలు విన్నాడు. శవాన్ని ముట్టుకోకుండా డాక్టరు ఎలా అవుతాడని వాళ్ల నాన్న నన్ను అడిగేవాడు. 2022లో పిల్లలకి మళ్లీ వీసాలు ఇచ్చారు గానీ నేరు విమానాలు లేవు. చుట్టూ తిరిగి వెళ్లడానికి ఆ రైతు పెట్టిన ఖర్చు ముందటి టిక్కెట్టుకి ఎన్నో రెట్లు. చవక దారి ఒక్కటే ఉన్నవాడికి ఆ దారి మూసుకుంటే ఏమవుతుందో మా జిల్లాలు 1942లో ఒకసారి చూశాయి, ఇది రెండోసారి.

ఇంకో మాట కూడా అనేస్తాను. విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజుగారు 2014 నుంచి 2018 దాకా దేశానికి పౌర విమానయాన మంత్రి. 2024 నుంచి మా శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడుగారు అదే మంత్రి. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరు మీద పెద్ద విమానాశ్రయం కట్టారు. దానికి 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన అయింది. అన్నీ సంతోషమే. మా రేవులో రంగం స్టీమరు ఆగేది అని చెప్పుకున్న జిల్లాకి, మళ్లీ ఇంటి దగ్గరే దూరదేశం ఎక్కే రోజు రావాలని నాకూ ఉంది. వాళ్లిద్దరిలో ఎవరు ఎదురైనా నేను అడిగేది రన్‌వే పొడుగు గురించి కాదు. ఒక పేరు మీద, ఒక చీటీ మీద కొన్న భార్యాభర్తల్ని, ముసలివాళ్లని విడదియ్యకూడదని ఒక నియమం పెట్టండి. భోగాపురంలో తెలుగు మాట్లాడే మనిషిని ఒకణ్ణి, బోర్డుని కాదు, మనిషిని, లోపలిదాకా నిలబెట్టండి. గల్ఫుకి పోయే కుర్రాళ్లూ, పురిటికి పోయే అమ్మలూ ఆ గుమ్మంలోంచే వెళ్తారు.

2025 అక్టోబరు 26న కలకత్తా నుంచి గ్వాంగ్‌జౌకి ఇండిగో విమానం మళ్లీ మొదలైంది. నవంబరులో షాంఘై నుంచి ఢిల్లీకి చైనా ఈస్టర్న్ వచ్చింది. ఆ కబురు మాకంటే ముందు మా అమ్మాయికి తెలిసింది. రెండో కాన్పు. ఈసారి ఆడపిల్లైతే బావుణ్ణు అంటోంది.

"నాన్నా, మళ్లీ చైనా మీంచి తక్కువకి దొరుకుతోంది. మీకు వద్దనిపిస్తే చెప్పండి, వేరే చూస్తాను."

"అక్కర్లేదమ్మా, అదే తియ్యి. చవక టిక్కెట్టుకి మనం కొత్తా? కానీ ముందు సీట్లు తియ్యి, తర్వాత టిక్కెట్టు తియ్యి."

"అలా కుదరదు నాన్నా, ముందు టిక్కెట్టే తియ్యాలి."

"అయితే రెండూ ఒక్కసారే తియ్యి. నలభై ఒకటో వరసైనా సరే, తోక చివరైనా సరే. మీ అమ్మ పక్కన."

వంటింట్లోంచి మా ఆవిడ, "నీళ్ల సంగతి కూడా సెప్పండి" అంది. ఫ్లాస్కు అప్పటికే కొనేసింది. చల్లనీళ్లకొకటి, వేడినీళ్లకొకటి, రెండు. రెండోది ఎందుకని అడిగితే, అక్కడ పక్కన ఎవరు కూర్చుంటారో ఏటో, వాళ్లకీ పోస్తానంది.